కరెంటు బిల్లు సగం చేసే పెట్టె: అంకె నిజమే, కొలత వేరు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఊళ్లో ఉన్న మీ నాన్నగారు ఫేస్‌బుక్‌లో ఒక ‘పవర్ సేవర్’ ప్రకటన చూశారు. గోడకున్న ప్లగ్గులో పెడితే చాలు, కరెంటు బిల్లు సగానికి సగం తగ్గుతుందట. 4,999 రూపాయల వస్తువు ఈ ఒక్కరోజుకు 1,299కే ఇస్తారట. వస్తువు చేతికొచ్చాకే డబ్బు ఇవ్వవచ్చు కదా అని ఆయన రెండు ఆర్డరు పెట్టారు. మీరు వద్దంటే, వీడియోలో మీటరు పెట్టి మరీ చూపించారు కదా, మన బోరు మోటారుకు డిపార్టుమెంటు వాళ్లే కెపాసిటర్ పెట్టించారు కదా అని వాదిస్తున్నారు. ఆయనకు ఎలా నచ్చజెప్పాలి, ఇలాంటి ప్రకటనలను ముందే ఎలా పసిగట్టాలి అని అడిగారు.

నేను విద్యుత్ పంపిణీ సంస్థలో మీటర్లు పరీక్షించే విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఈ పెట్టెలు చేత్తో పట్టుకుని ‘పెట్టాక కూడా బిల్లు తగ్గలేదు, మీ మీటరే తప్పుగా తిరుగుతోంది’ అని వచ్చినవాళ్లను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చూస్తూనే ఉన్నాను. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మొదట మీరు ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. మీ నాన్నగారి వాదనలు రెండూ తెలివైనవే. వీడియోలో మీటరు మీద అంకె నిజంగానే పడిపోయింది. బోరు మోటారుకు కెపాసిటర్ పెట్టించిందీ నిజమే. ‘అదంతా అబద్ధం నాన్నా’ అని కొట్టిపారేస్తే ఆయన వినకపోవడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఆయన కళ్లతో చూసింది అబద్ధం కాదు. ఈ రకం ప్రకటనల్లో పచ్చి అబద్ధం కోసం వెతికితే చాలాసార్లు చేతికి చిక్కదు. వాళ్లు చూపించేది నిజమైన అంకే. కాకపోతే మనం డబ్బు కట్టేది ఆ అంకెకు కాదు. ప్రకటన చూడగానే ‘ఇది నిజమా’ అని కాకుండా ‘వీళ్లు కొలిచి చూపిస్తున్నది దేన్ని, నేను డబ్బు కడుతున్నది దేనికి’ అని అడగడం అలవాటైతే సగం పని అయినట్టే.

ఆ పెట్టె విప్పితే లోపల ఏముంటుందో చెబుతాను. ఒక కెపాసిటర్, మన ఎలక్ట్రీషియన్లు కండెన్సర్ అంటారే, అదే. సీలింగు ఫ్యాన్‌లో ఉండే 2.5 మైక్రోఫారడ్‌ది కాక కాస్త పెద్దది, నాలుగైదు మైక్రోఫారడ్‌లది. దాని పక్కన ఆకుపచ్చ లైటు వెలగడానికి చిన్న సర్క్యూట్ ముక్క, ఒక ప్లగ్గు. అంతే. అదే కండెన్సర్ బజారులో వంద రూపాయల లోపే దొరుకుతుంది. ఒక జాగ్రత్త: ప్లగ్గు పీకిన వెంటనే దాని పిన్నులు ముట్టుకోకండి. చౌక పెట్టెల్లో కండెన్సర్‌లో మిగిలిన ఛార్జిని దింపే రెసిస్టర్ ఉండదు, గట్టిగానే కొడుతుంది.

ఇక ఆ వీడియో. ఎప్పుడు చూసినా అందులో ఒక పాతకాలపు చోక్ ట్యూబులైటో, చిన్న మోటారో ఉంటుంది. ఇస్త్రీపెట్టెతో ఎవరూ చూపించరు, గమనించండి. 40 వాట్ల ట్యూబుకు రాగితీగ చోక్ ఉంటే రెండూ కలిసి దాదాపు 55 వాట్లు తీసుకుంటాయి. కాని తీగకు టాంగ్ టెస్టర్ (తీగలో పారే కరెంటును కొలిచే పనిముట్టు) తగిలిస్తే 0.45 ఆంపియర్ల దాకా చూపిస్తుంది. 230 వోల్టులను 0.45తో గుణిస్తే 103 రావాలి, 55 కాదు. మిగతాది ఏమైందంటే, చోక్ లాంటి తీగచుట్ట కొంత శక్తిని సెకనుకు వంద సార్లు లైనులోంచి తీసుకుని మళ్లీ లైనుకే తిరిగి ఇచ్చేస్తుంది. అది ఖర్చు కాదు, రాకపోకలు మాత్రమే. పవర్ ఫ్యాక్టర్ తక్కువగా ఉందని ఇంజనీర్లు అనేది దీన్నే. ఇస్త్రీపెట్టెలో ఈ రాకపోకలు ఉండవు, అందుకే దానితో చూపించరు.

ఇప్పుడు పక్క ప్లగ్గులో 4 మైక్రోఫారడ్‌ల పెట్టె పెట్టారనుకోండి. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 0.29 ఆంపియర్లు తీసుకుంటుంది, అయితే చోక్‌కు సరిగ్గా ఎదురు దిశలో. చోక్ తిరిగి ఇచ్చేది ఇది పుచ్చుకుంటుంది, ఇది ఇచ్చేది చోక్ పుచ్చుకుంటుంది. ఆ రాకపోకలు లైను దాకా వెళ్లకుండా వాటి మధ్యే జరిగిపోతాయి. టాంగ్ టెస్టర్ మీద 0.45 కాస్తా 0.26కు దిగుతుంది. చూసేవాళ్లకు కరెంటు దాదాపు సగమైపోయింది! ‘యాభై శాతం ఆదా’ అన్న మాట పుట్టింది ఇక్కడే. ఆ చేత్తోనే అక్కడ వాట్ మీటరు పెట్టి చూపించమనండి. పెట్టెకు ముందూ 55, పెట్టె పెట్టాకా 55. ఆకుపచ్చ లైటు ఖర్చు కలిపితే ఇంకాస్త ఎక్కువ కూడా.

మన ఇంటి మీటరు లెక్కించేది ఆంపియర్లను కాదు. ప్రతి క్షణం వోల్టేజీనీ కరెంటునూ గుణించి కూడుకుంటూ పోతుంది. తిరిగి వెళ్లిపోయిన శక్తి ఆ కూడికలో దానంతటదే కొట్టుకుపోతుంది. మిగిలినదే కిలోవాట్ అవర్, మనం యూనిట్ అనేది. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లే కాదు, వెనకటి చక్రం తిరిగే మీటర్లు కూడా కొలిచింది దాన్నే. ఇళ్ల బిల్లు ఆ యూనిట్ల మీదే వస్తుంది. పెద్ద పరిశ్రమల సంగతి వేరు. వాళ్లకు ఈ రాకపోకలతో కలిపి కేవీఏహెచ్ లెక్కన బిల్లు వేస్తారు కాబట్టి ఫ్యాక్టరీవాళ్లు లక్షలు పోసి కెపాసిటర్ ప్యానెళ్లు పెట్టుకుంటారు, వాళ్లకు అది నిజంగానే లాభం. ప్రకటనవాడు ఫ్యాక్టరీకి వర్తించే మాటను ఇంటికి తెచ్చి అమ్ముతున్నాడు. అమెరికాలో ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2009లో ఇదే విషయం మీద సాంకేతిక పత్రం ప్రచురించింది. ఇంట్లో పవర్ ఫ్యాక్టర్ సరిచేసినంత మాత్రాన బిల్లు తగ్గదన్నదే దాని సారాంశం.

కరెంటు తగ్గితే ఇంటి వైరింగులో వేడి రూపంలో పోయే నష్టమైనా తగ్గాలి కదా అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. తగ్గుతుంది, పై ట్యూబులైటు లెక్కలో వాట్‌లో పదో వంతు కూడా ఉండదు. అదీ పెట్టెను ట్యూబులైటు పక్కనే పెడితే. వాళ్లు పెట్టమనేది మెయిన్ బోర్డు దగ్గర. పైగా ఇప్పుడు చోక్ ట్యూబులైట్లు ఉన్న ఇళ్లు ఎన్ని? ఎల్ఈడీ దీపాలకు, కొత్త ఇన్వర్టర్ ఏసీలకు ఈ కండెన్సర్‌తో పనే లేదు.

బోరు మోటారు కెపాసిటర్ విషయం మీ నాన్నగారికి విడిగా చెప్పండి, ఎందుకంటే ఆయన నమ్మకం నిలబడింది దాని మీదే. ఉచిత విద్యుత్ ఇచ్చేటప్పుడు మన దగ్గర రైతులను నాలుగు పెట్టుకోమన్నారు: ఐఎస్ఐ మోటారు, మంచి పైపు, రాపిడి తక్కువుండే ఫుట్‌వాల్వు, కెపాసిటర్. 5 హెచ్‌పీ మోటారుకు మామూలుగా 2 కేవీఏఆర్‌ది (కెపాసిటర్ సామర్థ్యాన్ని చెప్పే కొలత ఇది) పెడతారు. ప్రకటనలోని ప్లగ్గు పెట్టె సామర్థ్యంతో పోలిస్తే అది ముప్పై రెట్లు పెద్దది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇరవై మోటార్లు ఉంటే ఆ రాకపోకల భారమంతా ట్రాన్స్‌ఫార్మర్ మీదా లైను మీదా పడుతుంది. కెపాసిటర్ పెడితే ఆ భారం తగ్గుతుంది, చివరి మోటారుకు కూడా వోల్టేజీ అందుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం తగ్గుతుంది. దానివల్ల రైతుకు మేలే. కాని అది బిల్లు తగ్గించడానికి పెట్టింది కాదు. బిల్లే లేని చోట దేన్ని తగ్గిస్తారు? ఈ ఒక్క ప్రశ్న ఆయన్నే అడగండి, మిగతాది ఆయనే చెబుతారు.

ఇంత చెప్పినా నమ్మకం కుదరకపోతే ఆయనతో కలిసి మీటరు దగ్గర నిలబడండి. మీటరు ముందు భాగంలో చిన్న ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. దాని పక్కన ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మెరుస్తుందో రాసి ఉంటుంది. 3200 అని ఉందనుకుందాం, చాలా మీటర్ల మీద అదే ఉంటుంది, మీ మీటరు మీద 1600 ఉంటే లెక్క దాని ప్రకారం వేసుకోండి. ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేసి, ఒక్క సీలింగు ఫ్యాను మాత్రం ఫుల్ స్పీడులో వేయండి. పాత ఫ్యాను 75 వాట్లదైతే గంటకు 240 సార్లు, అంటే పదిహేను సెకన్లకు ఒకసారి మెరుస్తుంది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి పది మెరుపులకు ఎంత సేపు పట్టిందో రాసుకోండి. ఇప్పుడు ఆ పెట్టెను ప్లగ్గులో పెట్టి మళ్లీ పది లెక్కపెట్టండి. సగం ఆదా నిజమైతే మెరుపు మెరుపుకూ మధ్య అరనిమిషం రావాలి. రాదు.

అదే చోట బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారు ఉన్నది, వేసి చూడండి. 30 వాట్ల ఫ్యానుకు ముప్పై ఏడు సెకన్లకు ఒక మెరుపు. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఫ్యాను మీద నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ఒక్కోటి 1,299 లెక్కన రెండు పెట్టెలకు అయ్యే 2,598 రూపాయలు ఇటు పెడితే ఫలితం మీటరే చూపిస్తుంది. కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే బీఈఈ స్టార్ గుర్తు కూడా ఊరికే అంటించుకునేది కాదు. సీలింగు ఫ్యాన్లకు 2023 నుంచి అది తప్పనిసరి.

మరి ‘మా ఇంట్లో తగ్గింది’ అని చెప్పేవాళ్ల సంగతేమిటి? ప్రకటన కింద కనిపించే పొగడ్తల్లో చాలా భాగం కల్పితమే, కాని నిజాయతీగా చెప్పేవాళ్లూ ఉంటారు. ఈ ప్రకటనలు ఎక్కువగా ఎప్పుడు వస్తాయో చూడండి. ఏప్రిల్, మే నెలల్లో, ఏసీలూ కూలర్లూ తిరిగి బిల్లు చూసి గుండె ఝల్లుమన్నప్పుడు. పార్సిలు వచ్చేసరికి జూన్. వానలు పడతాయి, కూలరు మూలకు చేరుతుంది, జులైలో వచ్చే బిల్లు దానంతటదే దిగుతుంది. ఆ ఘనత పెట్టెకు పోతుంది. దీనికి తోడు రీడింగు ఒక నెల ముప్పై నాలుగు రోజులకు తీసి ఇంకో నెల ఇరవై ఎనిమిదికే తీస్తే యూనిట్లు మారతాయి, శ్లాబు మారితే రేటూ మారుతుంది. తెలంగాణలో గృహజ్యోతి వచ్చాక 200 యూనిట్ల గీత దగ్గర ఉన్న ఇళ్లకు ఈ ఆశ ఇంకా ఎక్కువైంది. గీత లోపల ఉంటే సున్నా బిల్లు, దాటితే మొత్తం కట్టాలి. ‘పది యూనిట్లు తగ్గినా చాలు’ అనుకునేవాళ్లే ఈ వ్యాపారానికి మంచి బేరం.

కొన్ని ప్రకటనలు ఇంకో అడుగు ముందుకేసి ‘మీటరు నెమ్మదిస్తుంది’ అని రాస్తాయి. నిజంగా మీటరును నెమ్మదింపజేసే వస్తువు ఏదైనా ఉంటే దాని పేరు పొదుపు కాదు, దొంగతనం. విద్యుత్ చట్టం 2003లో 135వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. అమ్మినవాడు ఎక్కడుంటాడో తెలియదు, మీటరున్నది మాత్రం మీ నాన్నగారి పేరు మీద.

పవర్ సేవర్ ఒక్కటే కాదు, కొలత మార్చడం అన్న ఎత్తు మిగతా వింత వస్తువుల్లోనూ కనిపిస్తుంది. వెనకటికి టేపురికార్డర్ల స్పీకర్ల మీద ‘పీఎంపీఓ’ అని వేల వాట్లు రాసేవారు, గుర్తుందా? గోడకున్న ప్లగ్గులోంచి యాభై వాట్లు కూడా లాగని వస్తువు మీద అయిదు వేలు. పాత విద్యే, ఇప్పుడు వేదిక మారింది.

టేబుల్ మీద పెట్టుకునే ‘మినీ ఏసీ’నే తీసుకోండి. చిన్న డబ్బా, లోపల తడి స్పాంజి, ముందు బుల్లి ఫ్యాను, యూఎస్‌బీ వైరుతో నడుస్తుంది. వీడియోలో థర్మామీటరును సరిగ్గా దాని మూతి దగ్గర పెట్టి ‘చూడండి, పది డిగ్రీలు తగ్గింది’ అంటారు. మూతి దగ్గర తగ్గుతుంది, అబద్ధం కాదు. గదిలో తగ్గుతుందా అన్నది కదా మన ప్రశ్న! ఒక టన్ను ఏసీ గదిలోంచి బయటికి తోడేసే వేడి మూడున్నర కిలోవాట్లు. ఆ డబ్బాలో అరలీటరు నీళ్లు పోస్తే అయిదు గంటలు వస్తాయని వాళ్లే చెబుతారు. అరలీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడిని అయిదు గంటలకు పంచితే దాదాపు 67 వాట్లు. అంటే ఒక టన్ను ఏసీలో యాభయ్యో వంతు. పైగా ఆ వేడి గది దాటి పోదు, నీటి ఆవిరిగా గదిలోనే ఉంటుంది. అనంతపురం లాంటి పొడిగాలి ఉన్న ఊళ్లో ముఖం మీదికి కాస్త చల్లగాలి తగులుతుంది. విశాఖలోనో కాకినాడలోనో మే నెల ఉక్కపోతలో అసలు నీరే సరిగ్గా ఆవిరి కాదు, ఉన్న చెమటకు ఇంకొంచెం తేమ తోడవుతుంది. కిటికీ బయటికి వేడిని వదిలే పైపో, బయట పెట్టే యూనిటో లేని దాన్ని ఎవరు ఏసీ అన్నా అది ఏసీ కాదు.

పవర్ బ్యాంకులకు ఇంకా సులువైన పరీక్ష ఉంది: బరువు. ‘లక్ష ఎంఏహెచ్’ అని రాసి, జేబులో పట్టేంత సైజులో, 799కి అమ్ముతారు. లోపల వాడే గుండ్రటి లిథియం సెల్లు ఒక్కోటి సుమారు 2,500 ఎంఏహెచ్, బరువు 45 గ్రాములు. లక్షకు నలభై సెల్లులు కావాలి, అంటే సెల్లుల బరువే 1.8 కిలోలు. ప్రకటనలో ఆ వస్తువును అమ్మాయి రెండు వేళ్లతో పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. ఇంకో తమాషా, అదే ప్రకటనలో ‘విమానంలో తీసుకెళ్లవచ్చు’ అని కూడా రాస్తారు. విమానంలో అనుమతి అడగకుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్ అవర్‌ల వరకే, అంటే దాదాపు 27 వేల ఎంఏహెచ్. లక్ష నిజమైతే విమానం మాట అబద్ధం, విమానం మాట నిజమైతే లక్ష అబద్ధం. ఒకే ప్రకటనలో రెండు గొప్పలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయేమో చూడటం మంచి అలవాటు. ఇంటికి వచ్చింది బరువుగానే ఉందని మురిసిపోకండి, లోపల ఇసుక నింపినవి కూడా పట్టుబడ్డాయి.

499 రూపాయలకు రెండు టీబీ పెన్‌డ్రైవ్ మరీ దుర్మార్గమైనది. కంప్యూటర్‌కు పెడితే రెండు టీబీలనే చూపిస్తుంది, ఎందుకంటే లోపలి చిప్‌కు అలా అబద్ధం చెప్పడం నేర్పారు. నిజానికి ఉన్నది 32 జీబీనో 64 జీబీనో. అది నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడతాయి. పెళ్లి వీడియోలు ఎక్కించి ఫోనులో తీసేసినవాళ్లకు ఆరునెలల తరువాత గాని తెలియదు. ఇప్పటికే కొని ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో చివరి దాకా నింపి, చదివించి చూడండి, అసలు సైజు బయటపడుతుంది. కారుకు తగిలిస్తే పెట్రోలు ఆదా అయ్యే పరికరాల గురించి ఎక్కువ చెప్పను. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అలాంటివి వందకు పైగా పరీక్షించింది, మైలేజీని చెప్పుకోదగ్గంతగా పెంచినది ఒక్కటీ దొరకలేదు.

ఇక సాంకేతిక పరిజ్ఞానం లేకపోయినా ప్రకటనను చూసి పట్టుకోగల గుర్తులు. అన్నిటికన్నా ముందు చూడవలసింది పేరూ చిరునామా. ఈ-కామర్స్ నియమాలు 2020 ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు సంస్థ పూర్తి పేరు, చిరునామా, వస్తువు ఏ దేశంలో తయారైందో, ఫిర్యాదుల అధికారి ఎవరో చూపించి తీరాలి. ఈ పేజీల అడుక్కి వెళ్తే ఒక జీమెయిల్ చిరునామా, ఒక వాట్సాప్ బొమ్మ, అంతకుమించి ఉండదు. దాన్ని దాటి ఇంకేమీ చూడనక్కర్లేదని నా అభిప్రాయం. ఇంత పెద్ద శాస్త్రీయ ఘనకార్యం సాధించినవాడు సొంత ఊరి పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడతాడా?

ఆ తరువాత గడియారం. ‘ఆఫర్ ముగియడానికి 9 నిమిషాలు’ అని అంకెలు పరిగెడుతుంటాయి. పేజీని ఒకసారి మూసి మళ్లీ తెరవండి, తొమ్మిది నిమిషాలు మళ్లీ మొదలవుతాయి. ఇలా లేని తొందర పుట్టించడాన్ని 2023 నవంబరులో కేంద్రం జారీ చేసిన ‘డార్క్ ప్యాటర్న్స్’ మార్గదర్శకాలు నిషేధించాయి. వార్తాసంస్థ పేజీలా అలంకరించి, ‘విద్యుత్ కంపెనీలు దాచిపెడుతున్న రహస్యం’ అని రాసేవి ఇంకో రకం. టెస్లా పేరు, ఎవరో ఇరవై ఏళ్ల విద్యార్థి కనిపెట్టాడన్న కథ, తెల్లకోటు వేసుకున్న మనిషి బొమ్మ. ఆ బొమ్మను గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే మనిషి ఇంకో దేశంలో డాక్టరుగా, మరోచోట రైతుగా తేలుతుంటాడు. వస్తువు ఫొటోను అలా వెతికినా లాభమే: అదే పెట్టె పది పేర్లతో, పది ధరలతో కనిపిస్తుంది.

ఫేస్‌బుక్ పేజీ అయితే దాని వివరాల్లో ‘పేజీ పారదర్శకత’ అనే భాగం ఉంటుంది. పేజీ ఎప్పుడు పుట్టింది, ఇంతకుముందు దాని పేరేమిటి, ఏ దేశం నుంచి నడుపుతున్నారు అన్నది అక్కడ దొరుకుతుంది. నిన్నటిదాకా వంటల పేజీగానో సినిమా అభిమానుల పేజీగానో ఉన్నది ఇవాళ పవర్ సేవర్లు అమ్ముతుంటే అర్థం చేసుకోవచ్చు. కరెంటుతో నడిచే వస్తువు మీద ఐఎస్ఐ గుర్తో, మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరో వేసి ఉంటే దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. నంబరు నిజమే అయినా అది ఆ వస్తువుకు, ఆ తయారీదారుకే ఇచ్చిందా అని కూడా చూడాలి. ‘సీఈ’, ‘ఐఎస్ఓ’ అన్న బొమ్మలను మాత్రం ఎవరైనా అచ్చు వేసుకోగలరు.

ఇప్పుడు మీ పార్సిళ్ల సంగతి. అవి ఇంకా రాలేదు కాబట్టి పని తేలిక. కొరియర్ అబ్బాయి వచ్చినప్పుడు ‘వద్దు’ అని వెనక్కి పంపేయమనండి, అంతే. విప్పి చూసి డబ్బిస్తామంటే వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోవడం వాళ్ల చేతుల్లో కూడా లేదు, ఆ అబ్బాయి మీద కోప్పడకండి. ‘ఆర్డరు రద్దు చేయడానికి ఓటీపీ చెప్పండి’ అని ఫోను వస్తే మాత్రం చెప్పవద్దు. ఆ ఓటీపీ చాలాసార్లు వస్తువు అందినట్టు ఒప్పుకునేది, ఒక్కోసారి బ్యాంకుదే కావచ్చు.

ఒకవేళ మీకు తెలియకుండా ఆయన తీసుకుని డబ్బు ఇచ్చేసి ఉంటే, వాపసు కోసం గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకవద్దని గట్టిగా చెప్పండి. 1,299 పోయినవాళ్లకు అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. అక్కడ దొరికే నంబర్లలో దొంగవి చాలా ఉంటాయి. ‘రీఫండ్ పంపుతాం, ఈ యాప్ వేసుకోండి, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి’ అంటారు. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. అలా ఖాతాలోంచి డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, మొదటి గంటల్లో చెబితే ఆ డబ్బును మధ్యలోనే ఆపగలిగే అవకాశం ఎక్కువ.

వస్తువు మోసం గురించి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ మాట్లాడవచ్చు. ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు, పార్సిలు మీద అంటించిన చీటీ ఫొటో దగ్గర పెట్టుకోండి. ఆ చీటీని చాలామంది చింపి పారేస్తారు. పంపినవాడి పేరు, చిరునామా దొరికే చోటు ఒక్కోసారి అదొక్కటే. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయగలదు. చట్టం బలంగానే ఉంది. వారం తిరక్కముందే పేజీ పేరు మార్చేసే అమ్మకందారును పట్టుకోవడమే కష్టం, అందుకే మీ డబ్బు తిరిగి వస్తుందని నేను హామీ ఇవ్వలేను. పేరున్న పెద్ద షాపింగ్ యాప్‌లో కొన్నదైతే పరిస్థితి మెరుగు. ఆ యాప్ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి.

చివరగా ఆయన ఫోను. ఒక పవర్ సేవర్ ప్రకటనను నొక్కినవాళ్లకు వరసగా అలాంటివే చూపించడం ఆ ఫేస్‌బుక్ పద్ధతి, ఇప్పటికే మినీ ఏసీలు మొదలై ఉంటాయి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఆయన పక్కన కూర్చుని, అలాంటి ప్రకటన కనిపించినప్పుడల్లా మూలనున్న మూడు చుక్కలు నొక్కి ‘ప్రకటనను దాచు’, ఆ తరువాత ‘ఫిర్యాదు’ ఎంచుకోవడం ఆయన చేతే నాలుగైదు సార్లు చేయించండి. మీరు లాక్కుని చేస్తే ఆయనకు రాదు, కోపమూ వస్తుంది.